ఎనిమిదో కదలిక

"పదకొండూ ముప్పై రెండు," అన్నాడు ఇనస్పెక్టరు, గెలిచినవాడి గొంతుతో. "ఆ సమయానికి ఈ బిల్డింగులో ఉన్నది ఇద్దరే సార్. ఒకాయన తల పగిలి నేలమీద. ఒకావిడ పక్క గదిలో కుర్చీమీద. ఇంకేం కావాలి మీకు?"

"పదకొండూ ముప్పై రెండుకి ఎవరున్నారో నాకెందుకు? దెబ్బ తగిలినప్పుడు ఎవరున్నారో చెప్పు," అన్నాడు నిమిషాలాయన.

ఆయన అసలు పేరు డిపార్టుమెంటులో చాలామంది మరిచిపోయారు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఎవరైనా సాక్షి పాపం "సాయంత్రం చూశానండీ" అంటే చాలు, "ఎన్ని గంటల ఎన్ని నిమిషాల సాయంత్రం?" అని ప్రాణం తోడేసేవాడు. ఆ పేరు అలా అతుక్కుపోయింది. రిటైరయ్యాక సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టినా గుణం మారలేదు. ఇనస్పెక్టరు ఒకప్పుడు ఆయన కిందే ఏడేళ్ళు పనిచేశాడు. నేర్చుకోవాల్సిందంతా నేర్చుకుని, ఇప్పుడు గురువు కనిపిస్తే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు చిటపటలాడతాడు. నాలుకకి పట్టిన "సార్" మాత్రం వదల్లేదు.

"మూడింటికి ఆవిణ్ణి స్టేషనుకి తీసుకెళ్తున్నాను. ఇప్పుడు రెండూ పది. ఆ టైలరమ్మ మీ క్లయింటు కాబట్టి, మీరు మా పాత సారు కాబట్టి, ఈ యాభై నిమిషాలూ మీవి."

"సంతోషం," అని నిమిషాలాయన రిసెప్షన్ అమ్మాయి వైపు కుర్చీ లాక్కున్నాడు.

ఆ అమ్మాయికి ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. పొద్దున పది యాభైకి కొరియర్ ఆఫీసుకి వెళ్ళి, పదకొండూ ముప్పై రెండుకి తిరిగొచ్చి, హాల్లో పడి ఉన్న మనిషిని మొదట చూసింది ఆమే. పడి ఉన్నవాడు ఆ సెంటరుని ఒంటిచేత్తో నిలబెట్టినవాడు. కంప్యూటర్‌లో గదులు కట్టే పనివాడు గనక అందరూ ఆయన్ని గదుల మేస్త్రి అనేవారు. ఇప్పుడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

"ఇక్కడ ఏం చేస్తారో నాకు తెలిసేలా చెప్పమ్మా. నేను టీవీ రిమోటు దగ్గరే ఆగిపోయినవాణ్ణి."

అది రోజుకి పదిసార్లు వల్లించే పాఠమాయె. కళ్ళు తుడుచుకుంటూనే తడుముకోకుండా చెప్పుకొచ్చింది. "ఈ హెడ్‌సెట్‌లో రెండు చిన్న తెరలుంటాయండీ, ఒక్కో కంటికి ఒకటి. రెండూ ఒకే చోటుని కాస్త తేడాగా చూపిస్తాయి. అందుకని నిజంగా అక్కడే నిలబడ్డట్టు లోతు తెలుస్తుంది. మీరు తల తిప్పితే దృశ్యం కూడా దానికి తగ్గట్టు మారుతుంది. వంగితే మంచం కింద ఏముందో కనిపిస్తుంది. చేతుల్లో ఈ మీటలు పట్టుకుంటే మీ చేతులు కూడా లోపలికొస్తాయి. దాన్నే వర్చువల్ రియాలిటీ అంటారు."

"దానివల్ల ఎవరికి లాభం?"

"చాలామందికండీ. ఒకటో గదిలో ఫైర్ ఇంజను వాళ్ళు పొగలో నడవడం నేర్చుకుంటారు, ఒళ్ళు కాలకుండా. రెండో గదిలో డాక్టర్లు ఆపరేషన్ ముందే ఒకసారి చేసి చూసుకుంటారు. పెద్ద డాక్టరు ఎక్కడో ఉండి అదే గదిలోకి వచ్చి పక్కన నిలబడి చెప్తారు. అవతల మనిషి వస్తే ఈ పచ్చ దీపం వెలుగుతుంది. మూడోది ఎత్తంటే భయం ఉన్నవాళ్ళకి. మొదటిరోజు స్టూలు మీద నిలబెడతాం, నెలకి మేడ అంచుదాకా వస్తారు. నాలుగోదాంట్లో పక్షవాతం వచ్చినవాళ్ళు చెయ్యెత్తి చెట్టుపళ్ళు కోస్తారు. కోయగా కోయగా అసలు చేతిలో కదలిక వస్తుంది."

"ఐదోది?"

అమ్మాయి గొంతు తగ్గింది. "ఐదోది గుర్తుల గదండీ. పోయినవాళ్ళ గదిని ఫొటోలు చూసి మళ్ళీ కడతాం. టైలరమ్మ కోసం మేస్త్రిగారు అమ్మాయి బొమ్మ కూడా చేశారు. దొరికినవి రెండు వీడియోలు, కొన్ని వాయిస్ మెసేజీలు. వాటిల్లోంచి ఏడు కదలికలు తీయగలిగారు. నవ్వుతుంది, జడ వెనక్కి వేసుకుంటుంది, కిటికీ వైపు చూస్తుంది, కూర్చుంటుంది, లేస్తుంది, చెయ్యి ఊపుతుంది, 'అమ్మా, తిన్నావా' అంటుంది. అంతే. ఆ ఏడింటి కోసమే ఆవిడ రోజూ వస్తుంది."

టైలరమ్మ కూతురు మూడేళ్ళ క్రితం ఇంట్లో గొడవపడి వెళ్ళిపోయింది. మర్నాడు నది వంతెన మీద ఆ పిల్ల బ్యాగు దొరికింది. మనిషి దొరకలేదు. కేసు మూసేశారు. మూసింది ఈ ఇనస్పెక్టరే.

"నిన్న మేస్త్రి ఏమన్నాడో ఆ ముక్క కూడా చెప్పు," అన్నాడు ఇనస్పెక్టరు, ఫోను జేబులో పెట్టుకుంటూ.

"'రేపు టైలరమ్మకి నిజం చెప్పేస్తాను, ఇంక దాచడం నా వల్ల కాదు' అన్నారండీ."

"విన్నారుగా సార్. ఐదో గదికి గిరాకీ లేదని నెలాఖరుకి మూసేస్తున్నారు. అదే ఆ నిజం. కూతుర్ని రెండోసారి పోగొట్టుకోవాలంటే ఏ తల్లికైనా పిచ్చెక్కుతుంది. చేతికందిన కెమెరా స్టాండు తీసుకుని కొట్టింది, వెళ్ళి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుంది. తలుపు కార్డుతో తెరుచుకుంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకి మేస్త్రి కార్డు, తర్వాత ఈ అమ్మాయి కార్డు. పది నలభైకి టైలరమ్మకి ఈ అమ్మాయే తలుపు తీసింది. నాలుగో మనిషి లేడు."

"కార్డు ఒక్కటే అయితే మనిషి ఒక్కడే వచ్చాడనా?"

"అంటే?"

"నువ్వూ నీ భార్యా ఇంటికెళ్తే తాళం రెండుసార్లు తీస్తారా?"

ఇనస్పెక్టరు ముఖం మాడ్చుకున్నాడు. నిమిషాలాయన లేచి తలుపు దగ్గరికి నడిచాడు. లోపలి నుంచి వెళ్ళడానికి కార్డు అక్కర్లేదు, గోడమీద బటన్ నొక్కితే చాలు. ఎవరు నొక్కారో ఎక్కడా నమోదు కాదు. ఆ సంగతి ఆయన నోటితో అనలేదు. మేస్త్రి పడ్డచోట నేలమీద మరక, దాని పక్కన మూడుకాళ్ళ ఇనప స్టాండు. అక్కడినుంచి ఐదో గది గుమ్మానికి ఎనిమిదడుగులు. వెనకవైపు స్కానింగ్ గదికి ఐదడుగులు.

స్కానింగ్ గదిలోకి తొంగిచూశాడు. మధ్యలో ఒక్క కుర్చీ. పెట్టెలు, వైర్లు, లైట్లు అన్నీ నాలుగు గోడలకీ జరిపి ఉన్నాయి. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ బారచాపాడు. వేలికొసలకి ఏదీ తగల్లేదు. కళ్ళకి గంతలు కట్టుకున్న మనిషి ఎవరో ఇక్కడ చేతులు ఆడించాలని చోటు చేసినట్టుంది. బయటికొచ్చి గోడకున్న హెడ్‌సెట్ల కొక్కేలు లెక్కపెట్టాడు. ఎనిమిది కొక్కేలు. ఐదో గదిలో ఉన్నదాన్ని కలుపుకున్నా హెడ్‌సెట్లు ఏడే.

"ఎనిమిదోది?"

"ఎక్కడో చార్జింగులో ఉండుంటుందండీ," అంది అమ్మాయి, తనే నమ్మనట్టు.

"సెషన్లు రికార్డవుతాయా?"

"అన్నీ అవుతాయండీ. తల ఎటు తిరిగింది, చేతులు ఎక్కడున్నాయి, ఏం మాట్లాడారు, అన్నీ. డాక్టర్లు మళ్ళీ చూసుకోవాలి కదా."

ఇనస్పెక్టరు పకపకా నవ్వాడు. "సార్, బొమ్మలాటని సాక్ష్యమని కోర్టుకి పట్టుకెళ్తారా? చూసుకోండి, మీ ముచ్చట నేనెందుకు కాదనాలి? నేను ఆసుపత్రికి ఫోన్ చేసుకుంటాను."

రెండూ ఇరవై రెండుకి నిమిషాలాయన ఐదో గదిలో నిలబడి ఆ పెట్టెని తలకి తగిలించుకున్నాడు.

మొదట చీకటి. తర్వాత ఒక గది. చిన్న మంచం, కిటికీ, కుట్టు మిషను, దానిమీద సగం కుట్టిన చొక్కా. గోడమీద పిల్ల ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు. ఇదంతా అబద్ధమని తెలిసి కూడా ఆయన మంచానికి కాలు తగలకుండా పక్కకి జరిగాడు. తనని పెంచిన అక్క గుర్తొచ్చింది. అక్క పోయి తొమ్మిదేళ్ళు. ఫొటోలు పెట్టెడున్నాయి, గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఎవరైనా ఆ గొంతుతో "ఏరా, ఇంత ఆలస్యమా" అని ఒక్క ముక్క అనిపిస్తే, ఈ కుర్చీలో రోజూ వచ్చి కూర్చోడానికి తను కూడా సిద్ధమే. ఆ సంగతి ఒప్పుకోడానికి ఆయనకి సిగ్గేమీ కలగలేదు.

రికార్డు మొదలైంది. రిసెప్షన్ అమ్మాయి చూపిన మీట నొక్కి వేగం పెంచుకుంటూ చూశాడు. పది నలభై ఒకటి. టైలరమ్మ ఒక తలా రెండు చేతులుగా కనిపిస్తోంది. ఎదురుగా అమ్మాయి, నిలువెత్తు మనిషి. అమ్మాయి నవ్వింది. జడ వెనక్కి వేసుకుంది. కిటికీ వైపు చూసింది. నిమిషాలాయన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు.

పది యాభై రెండు. టైలరమ్మ చేతులు గాలిలో ముందుకొచ్చి అమ్మాయి భుజాల దగ్గర ఆగాయి. అమ్మాయి రెండు చేతులూ పక్కలకి ఎత్తి కదలకుండా నిలబడింది.

ఎనిమిది. ఆ ఏడింటిలో లేనిది. ఆయన వేళ్ళు మడవడం ఆపేశాడు.

పదకొండూ పదహారుకి అమ్మాయి ఉన్నట్టుండి కుప్పకూలినట్టు కిందికి దిగిపోయింది. తల మోకాలి ఎత్తులో, చేతులు నేలమీద, చలనం లేదు. "చిట్టీ," అంది టైలరమ్మ. "ఏమైందమ్మా?" జవాబు లేదు. పదకొండూ పంతొమ్మిదికి ఎక్కడో ధన్‌మని చప్పుడు. టైలరమ్మ తల గుమ్మం వైపు తిరిగింది, ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కూలిన అమ్మాయి మీదికే వచ్చింది. పదకొండూ ఇరవై ఒకటికి అమ్మాయి లేచింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరి ఆయన చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తోంది.

"ఆయాసమెందుకమ్మా?" అని తల్లి గొంతు.

"ఏం లేదమ్మా. మెట్లెక్కి వచ్చాను."

నిమిషాలాయన హెడ్‌సెట్ తీసేసి కుర్చీలో కూలబడ్డాడు. బొమ్మకి ఆయాసం రాదు. అవతల హెడ్‌సెట్ పెట్టుకుని ఒక మనిషి ఉంది, ఊపిరి తీసుకుంటున్న మనిషి. మేస్త్రి పొద్దున తన కార్డుతో, నదిలో దొరకని ఆ పిల్లనే లోపలికి తెచ్చాడు. స్కానింగ్ గదిలో ఎనిమిదో హెడ్‌సెట్ తగిలించాడు. బొమ్మ వేషంలో తల్లి ముందుకి పంపాడు. పదకొండూ పదహారుకి ఆ పిల్ల హెడ్‌సెట్ తీసి కుర్చీలో పెట్టింది, మీటలు నేలమీద పెట్టింది. ఐదు నిమిషాలు ఎక్కడుంది? ఐదడుగుల దూరంలో మేస్త్రి ఉన్నాడు, తల్లికి నిజం చెప్పేస్తానని పట్టుబట్టి. తర్వాత రిసెప్షన్ అమ్మాయి రాకముందే బటన్ నొక్కి, హెడ్‌సెట్‌తో సహా వెళ్ళిపోయింది. ఇనస్పెక్టరు పప్పులో కాలేశాడు. మేస్త్రి చెప్తానన్న నిజం గది మూసేయడం గురించి కాదు, ఈ పిల్ల బతికే ఉందని.

తల్లి తల సెషను పొడుగునా ఒక్క క్షణం కూడా ఐదో గదిలోని కుర్చీ వదల్లేదు. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఆయన జీవితంలో చూడలేదు. అదే సాక్ష్యం కూతురి మెడకి ఉరితాడు.

ఆయన కబురంపితే రెండూ నలభై ఒకటికి టైలరమ్మ లోపలికొచ్చింది. యాభై దాటిన సన్నటి మనిషి, పని మధ్యలో లేచి వచ్చినట్టు మెడలో కొలత టేపు. ఆయన తలుపు దగ్గరికి వేశాడు.

"చెల్లెమ్మా, ఒక మాట అడుగుతాను. అబద్ధం చెప్పకు. అది బొమ్మ కాదని నీకు తెలుసా?"

ఆవిడ చాలాసేపు టేపు కొసని వేలికి చుట్టుకుంది. "తెలుసు అన్నగారూ. పదకొండు రోజులైంది."

"ఎలా తెలిసింది?"

"దాన్ని ముట్టుకోలేను కదా, చెయ్యి పెడితే గాలే తగుల్తుంది. సరే, కనీసం కళ్ళతో కొలుచుకుందామని ఆ రోజు చేతులు చాపాను. చిన్నప్పట్నించీ నేను టేపు పట్టుకుని ఎదురుగా నిలబడితే చాలు, చెప్పక్కర్లేకుండా రెండు చేతులూ ఇలా ఎత్తేది. ఆ రోజూ ఎత్తింది. ఏ వీడియోలోనూ లేదది, నేను వెయ్యిసార్లు చూశాను వాటిని. పైగా ఎడమ చెయ్యి అరంగుళం కిందికి. దాని ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది. ఎవరికీ తెలియకుండా నేనే సర్ది కుట్టేదాన్ని."

"బతికే ఉందని తెలిసి, ఎక్కడున్నావని అడగలేదా?"

"అడిగితే ఉంటుందా? నాకు తెలీదనుకుంటోంది కాబట్టే వస్తోంది. ఆ రోజు కోపంలో నోరు జారాను అన్నగారూ. 'నువ్వు చచ్చినా నాకు ఒకటే' అన్నాను. చచ్చినట్టే పోయింది. ఇప్పుడు బొమ్మలా అయినా రోజూ గంటసేపు నా ఎదురుగా కూర్చుంటోంది. తిన్నావా అంటుంది. నేను తిన్నానంటాను. నాకు ఇది చాలు. దాన్ని ఒక్కసారి దగ్గరికి తీసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది, అయినా ఇదే చాలని కూర్చుంటున్నాను."

నిమిషాలాయన నలభై ఏళ్ళుగా ఎంతోమందికి ఎన్నో చెప్పరాని సంగతులు చెప్పాడు. ఇంత మెల్లగా ఎప్పుడూ చెప్పలేదు. పదకొండూ పదహారు, పదకొండూ పంతొమ్మిది, పదకొండూ ఇరవై ఒకటి. మూడే మూడు అంకెలు. ఆవిడ కొలతలతో బతికే మనిషి, రెండోసారి చెప్పించుకోలేదు. వేలికి చుట్టిన టేపు బిగుసుకుపోయి వేలు తెల్లబడింది.

"తిరిగొచ్చి ఎందుకు కూర్చుంది?" అంది చివరికి.

"నువ్వు లేచి బయటికెళ్తే మేస్త్రిని చూస్తావని కావచ్చు. లేదా ఇంకోసారి నిన్ను చూడటం కుదరదని తెలిసి కావచ్చు. ఏదో నాకు తెలీదు."

"ఆ ఐదు నిమిషాల సంగతి ఇంకెవరికి తెలుసు?"

"నాకు. ఈ మెషినుకి. చెల్లెమ్మా, ఇది నీ నిర్దోషిత్వం. నన్ను నువ్వు పెట్టుకున్నది దీనికోసమే."

"అప్పుడు నాకు తెలీదు కదా," అంది టైలరమ్మ.

తలుపు తోసుకుని ఇనస్పెక్టరు వచ్చాడు. రెండూ యాభై ఆరు. ముఖంలో వెటకారం లేదు. "ఆసుపత్రి నుంచి ఫోను సార్. మేస్త్రి పోయాడు. ఇది ఇప్పుడు హత్య."

"నేనే కొట్టాను బాబూ," అంది టైలరమ్మ.

అలవాటుపడిన చేత్తో దారం తెంపినట్టు, అంత తేలిగ్గా అంది. గెలుపు ఇంత సులువుగా చేతికొస్తుందని ఇనస్పెక్టరు కూడా అనుకోలేదు.

"దేంతో కొట్టావు?"

"ఆ మూడుకాళ్ళ ఇనప స్టాండుతో. గది మూసేస్తానన్నాడు. కాళ్ళావేళ్ళా పడ్డాను, వినలేదు. కొట్టేసి వచ్చి ఇక్కడ కూర్చున్నాను."

"ఆవిడ మాట వినకు," అన్నాడు నిమిషాలాయన లేచి. అక్కడితో ఆగిపోయాడు. టైలరమ్మ ఆయన్నే చూస్తోంది. బతిమాలడం లేదు, చెయ్యి జోడించడం లేదు. పెట్టుబడంతా పెట్టి బేరానికి కూర్చున్నదానిలా నిబ్బరంగా చూస్తోంది.

"ఎందుకు వినకూడదు సార్?" ఇనస్పెక్టరు కళ్ళు చికిలించాడు. వాసన పట్టడం ఈయన దగ్గరే నేర్చుకున్నవాడు. "అరగంటనించీ ఆ బొమ్మలాట చూశారు. ఏం దొరికింది? పదకొండూ పదో, ఇరవయ్యో, ఏదో ఒక నిమిషం మీకు దొరికే ఉంటుంది. చెప్పండి."

అంతలో నిమిషాలాయన చేతిలోని హెడ్‌సెట్ మీద పచ్చ దీపం వెలిగింది.

ఆయన బొటనవేలు ఆయన్ని అడక్కుండానే వెళ్ళి మైకు రంధ్రాన్ని మూసేసింది. గట్టిగా, గోరు తెల్లబడేదాకా నొక్కింది. అవతలివాళ్ళకి ఇక ఈ గదిలో మాట చేరదు. అవతలి మాట ఇక్కడికి రాకుండా చేసే ఉపాయం మాత్రం ఆయనకి తెలీదు.

"అమ్మా," అంది హెడ్‌సెట్‌లోంచి సన్నటి గొంతు. "అమ్మా, ఉన్నావా?"

ఇనస్పెక్టరు ఉలిక్కిపడ్డాడు. వెంటనే నవ్వేశాడు. "ఇదేనా ఆ ఏడు ముక్కల చిలక? కట్టేయండి సార్ దాన్ని, తల్లి గుండె తరుక్కుపోతుంది పాపం."

టైలరమ్మ పెదాలు విడివడ్డాయి. మూడేళ్ళుగా ఆ పిలుపుకి 'ఆఁ' అనాలని కాచుకున్న నోరు అది. ఆవిడ అరచెయ్యి ఎత్తి ఆ నోటిని మూసుకుంది. ఇంకో చేత్తో ఇనస్పెక్టరుని పదమన్నట్టు సైగ చేసి, అతనికంటే ముందుగా గుమ్మం వైపు నడిచింది.

"పలకవేం?" అంది ఆ గొంతు. ఊపిరి శబ్దం వినిపించింది. తర్వాత మళ్ళీ, చిన్నపిల్లలా, "ఇంకా కోపమేనా అమ్మా?"

టైలరమ్మ గుమ్మం దగ్గర ఒక్క క్షణం తడబడింది. వెనక్కి తిరగలేదు.